నవల ఎవరి తెలుగులో నడుస్తోంది?

చెన్నైలో తెలుగు సాహిత్యం చదివేవాళ్ల చెవిలో ఎప్పుడూ మూడు తెలుగులుంటాయి. ఇంట్లో "ఆడ ఉండాది, తీసుకో" అంటారు. క్లాసులో "అక్కడ ఉంది" అంటారు. పుస్తకం తెరిస్తే "అచ్చట నున్నది" అని కనిపిస్తుంది. దీన్ని మన లోపమని చెప్పేవాళ్లే ఎక్కువ. నవలలు చదవడానికి ఇంతకంటే మంచి చెవి ఉండదని నా నమ్మకం. ఒకే తెలుగు విని పెరిగినవాళ్లకి నవలలో భాష అద్దంలా కనబడకుండా పోతుంది. మనకి ప్రతి క్రియ చివరా తగులుతూనే ఉంటుంది.

అందుకే ఏ నవల పట్టుకున్నా నేను ముందు చూసేది కథ కాదు. కథ చెప్పే గొంతు ఎవరి తెలుగులో ఉంది, పాత్రలు మాట్లాడే తెలుగు దానికి ఎంత దూరంలో ఉంది అన్నదే. ఒక చిన్న వాక్యం తీసుకోండి. "వృద్ధుఁడు గృహమునకు వచ్చి చుట్ట వెలిగించెను." ఇదే "ముసలాయన ఇంటికొచ్చి చుట్ట వెలిగించాడు" అంటే ఆయన మన వీధిలోకి వచ్చేస్తాడు. "ముసలాయన ఇంటికొచ్చి చుట్ట ముట్టిచ్చిండు" అంటే చెప్పేవాడూ ఆ వీధివాడే అయిపోతాడు. జరిగిన పని ఒక్కటే. మారింది చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నది. తెలుగు నవలకి నూటయాభై ఏళ్లుగా ఉన్న పెద్ద సమస్య ఇదేనని నా అభిప్రాయం.

మొదటి మెట్టు కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'. 1878లో ఆయన పత్రిక 'వివేకవర్ధని'లో వచ్చి, 1880లో పుస్తకమైంది. ఇంగ్లీషు రచయిత గోల్డ్‌స్మిత్ నవల 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఛాయ ఉందన్న మాట అందరూ చెబుతారు, పరీక్షలో అడుగుతారు కూడా. ఆ పోలికల పట్టిక బట్టీ పట్టడం కంటే ఇంకో సంగతి గమనించండి. ఈ నవలలో బంగారం చేస్తానని మోసం చేసే బైరాగి, మోసపోయే రాజశేఖరుడు, మారువేషంలో తిరిగే పెద్దాపురం రాజు, అందరూ ఒకే గ్రాంథికం మాట్లాడతారు. మారువేషం వేసిన రాజుని మాట పట్టి ఇస్తుందేమోనని చూస్తే, పట్టి ఇవ్వదు. మాట అందరిదీ ఒకటే కాబట్టి. మనుషుల తేడా బట్టల్లో, డబ్బులో, పనుల్లో కనబడాల్సిందే తప్ప నోట్లో కనబడదు. అది వీరేశలింగం చేతకానితనం కాదు. రాసే తెలుగంటే అప్పటికి అదే. అయినా ధవళేశ్వరం, గోదావరి గట్టు, పెళ్లి ఖర్చులు, పొగిడి తినిపోయేవాళ్లు ఇంత స్పష్టంగా ఆ భాషలో కనబడటం చిన్న విషయం కాదు.

ఇలాంటి పుస్తకం సగంలో ఎందుకు వదిలేస్తారు? కథ బాగాలేక కాదు, కన్ను తడబడి. పాత అచ్చులో తడబాటు కలిగించేవి నాలుగైదే. అరసున్న (ఁ) కనబడితే పలక్కుండా దాటేయండి. బండి ఱ ని మామూలు ర లాగే చదవండి. ఒక మాట గ, స, డ, ద, వ లతో మొదలై అర్థం కాకపోతే వాటి స్థానంలో వరసగా క, చ, ట, త, ప పెట్టి చూడండి. మహీధర రామమోహనరావు నవల పేరు 'కొల్లాయిగట్టితేనేమి?' చూడండి. 'గట్టితే' ఏమిటని ఆగిపోనక్కర్లేదు, గ తీసి క పెడితే 'కట్టితే'. మాట య తోనో న తోనో మొదలై వింతగా ఉంటే ఆ హల్లు తీసేసి అచ్చుతో చదవండి. 'యతఁడు' అన్నా 'నతఁడు' అన్నా 'అతడు' అనే. ఈ పనులు చేతికి అలవాటు కావడానికి ఓ ఇరవై పేజీలు చాలు. ఆ ఇరవై పేజీలూ పైకి చదవాలి. మనసులో చదివితే కన్ను మాటని బొమ్మలా చూస్తుంది, సంధి విడదీయదు. పైకి చదివితే నాలుకే విడదీస్తుంది.

పైకి చదవమనడానికి 'వేయిపడగలు' ఇంకా పెద్ద కారణం. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీ కోసం విశ్వనాథ సత్యనారాయణ 29 రోజుల్లో పూర్తిచేసిన నవల ఇది. ఆయన చెబుతుంటే తమ్ముడు రాశాడు. బహుమతి అడివి బాపిరాజు 'నారాయణరావు'తో పంచుకుంది. చెప్పి రాయించిన నవల కాబట్టి దాని వాక్యం నోటి వాక్యం, మాటలు గ్రాంథికమైనా ఊపిరి మాత్రం మాట్లాడేవాడిది. పొడుగు వాక్యాల్లో ఎక్కడ ఆగాలో కామా చెప్పదు, ఊపిరి చెబుతుంది. చెప్పిందే మళ్లీ చెప్పడం, ఒక చర్చ మొదలుపెట్టి కథ మరిచిపోవడం కూడా ఆ నోటి నుంచి వచ్చినవే. వాటిని లోపాలుగానే చదువుతాను కానీ ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే విసుగు తగ్గుతుంది.

ఈ నవల చదవబోయేవాళ్లకి పనికొచ్చే మాట ఒకటుంది. మొత్తం 36 అధ్యాయాలు. రోజుకి ఒకటి పెట్టుకోండి, రెండు వద్దు. మొదటి నాలుగైదు అధ్యాయాల్లోనే పేర్లు గుంపుగా వస్తాయి. ఒక కాగితం మీద సుబ్బన్నపేట కోటలోని మూడు తరాల జమీందారుల్ని ఒక వరసలో, దివాను రామేశ్వరశాస్త్రి ఇంటినీ ఆయన కొడుకు ధర్మారావునీ ఇంకో వరసలో, సుబ్రహ్మణ్యేశ్వరుడు, వేణుగోపాలస్వామి గుళ్లతో సంబంధమున్న గణాచారి, దేవదాసి గిరిక లాంటివాళ్లని మూడో వరసలో రాసుకోండి. ఆ కాగితం లేకపోతే పదో అధ్యాయం దగ్గర చాలామంది ఆగిపోతారు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక ఆగి, భాష కష్టమని చెబుతారు.

నవల చెప్పే ధర్మంతో నాకు తగువుంది. ధర్మానికి గుర్తుగా నిలిపిన వేయి పడగల పాము చివరికి రెండు పడగలకి, అంటే దాంపత్యానికి, దిగిపోవడాన్ని పతనంగా ఏడ్చే ఆ చూపు ఎవరెవర్ని ఏ మెట్టు మీద ఉండమంటోందో చదువుతున్నంతసేపూ గుచ్చుకుంటుంది. అయినా గిరిక స్వామి ముందు ఆడే ఘట్టాలు తెలుగు వచనంలో అంతకు ముందు లేని ఎత్తు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనడానికి భయపడనక్కర్లేదు.

దీనికి పదేళ్ల పైచిలుకు ముందే ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' వచ్చింది. ఆయన దీన్ని రాసింది జైల్లో, మనకి దగ్గరి రాయవేలూరు (వెల్లూరు)లో. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మధ్యలో కొన్ని మార్పులతో వదిలి, మళ్లీ నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాకే ఆ గొడవ తీరింది. నా లెక్కలో ఈ నవల చేసిన పెద్ద పని పాలేరు నోటికి పాలేరు మాట ఇవ్వడం. మాలపల్లెలో ఉండే రామదాసు ఇంట్లో మాటలు ఇంటి మాటలే. కూలి గింజల్లోనా డబ్బుల్లోనా అన్న తగువు ఉపన్యాసంలా కాకుండా బేరంలా వినిపిస్తుంది, ఎందుకంటే ఆ తగువు పడేవాళ్లు తమ మాటే మాట్లాడతారు. కథకుడు మాత్రం అక్కడక్కడ పాత భాషలోకి జారిపోతాడు. దేశం గురించో ధర్మం గురించో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ జారుడు ఎక్కువ. పెన్సిల్‌తో ఆ చోట్లు గీసుకుంటూ పోతే ఉన్నవకి ఏ విషయంలో జనం మాట మీద నమ్మకముందో, ఏ విషయంలో ఇంకా లేదో పేజీల వారీగా తెలుస్తుంది. చర్చలు పొడుగని దాటేసేవాళ్లు ఒకటి మాత్రం దాటొద్దు: జైలు, నేరస్థుల సెటిల్‌మెంటు (నేరస్థులని ముద్రపడ్డవాళ్లని కాపలాలో ఉంచే చోటు) భాగాలు. అక్కడ వివరం కళ్లతో చూసినవాడిది.

చలం 'మైదానం'లో కథకుడికీ పాత్రకీ మధ్య ఉన్న ఈ దూరం ఒక్కసారిగా సున్నా అయిపోయింది. చెప్పేదే రాజేశ్వరి, అదీ మాట్లాడే తెలుగులో. ఆ వేగం ఇప్పటికీ తగ్గలేదు. దానికి ఖరీదు కూడా ఉంది. అంతా రాజేశ్వరి గొంతే కాబట్టి, ఆమె భర్తని వదిలి ఎవరితో వెళ్లిందో ఆ అమీర్ మనకి ఆమె చూసినంత మేరే ఉంటాడు. అతని లోపల ఏం నడుస్తోందో తెలుసుకునే దారే లేదు. స్వేచ్ఛ గురించి చర్చించేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు.

ఇక నాకు ప్రాణమైన భాగం. మనిషి తలలోకి తెలుగు వాక్యం ఎలా దూరింది? తెలుగులో ఆలోచనని చెప్పాలంటే చివర 'అని' రావాలి. "వీళ్లందరూ నన్ను చూసి నవ్వుతున్నారు అని అతను అనుకున్నాడు." 'అని' వచ్చేదాకా అది కథకుడి మాటో పాత్ర మాటో తెలియదు. వచ్చాక గోడ కట్టినట్టు తెలిసిపోతుంది. ఆ 'అని' తీసేయండి. "వీళ్లందరూ తనని చూసి నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతారు? తనేం చేశాడు?" 'నేను' లేదు, 'అని' లేదు. 'తను' ఒక్కటే ఉంది. బయటినుంచి చూస్తే కథకుడి వాక్యం, లోపలినుంచి చూస్తే పాత్ర ఆలోచన. ఈ 'తను' మన భాషకి దొరికిన అదృష్టం. పాఠాల్లో చైతన్యస్రవంతి గురించి, అంటే ఆలోచనల్ని వచ్చినవి వచ్చినట్టే రాసే పద్ధతి గురించి, చెప్పేటప్పుడు పరదేశపు పేర్లు పది వల్లెవేస్తాం, ఈ రెండక్షరాల మాట గురించి ఒక్కరూ చెప్పరు.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' చదివేటప్పుడు ఒక అధ్యాయం తీసుకుని 'అని', 'తను' కింద గీతలు గీయండి. కథకుడు నాయకుడైన సీతారామారావుని పూర్తి పేరుతో పిలుస్తూ ఒక అడుగు ఎడంగా నిలబడిన చోట్లు, ఆ ఎడం చెరిపేసిన చోట్లు విడివిడిగా కనబడతాయి. ఎడంగా ఉన్నచోట మనం అతన్ని తూస్తాం. చెరిపేసిన చోట అతని వాదం మన వాదంలా అనిపించి భయం వేస్తుంది. చివర శ్మశానం ఘట్టం అంత బలంగా తగలడానికి కారణం అప్పటిదాకా ఈ దగ్గరా దూరాల్ని జాగ్రత్తగా కొలుస్తూ రావడమే. సోమరి కథ, తిక్కవాడి కథ అని తేల్చేసేవాళ్లు ఈ కొలత చూడరు.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో ఎడం ఇంకా తక్కువ. కథానాయకుడు దయానిధి తల్లి మీద ఊళ్లో ఉన్న నింద అతని ప్రతి ఆలోచన వెనకా నిలబడి ఉంటుంది. కోమలి, అమృతం, ఇందిర, ఎవరిని చూసినా దాని గుండానే చూస్తాడు. ఇక్కడ చదివేవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. దయానిధి ఆడవాళ్ల గురించి అనుకునే మాటల్ని బుచ్చిబాబు అభిప్రాయాలుగా ఎత్తి వ్యాసాల్లో రాసేస్తారు. ఎత్తిన వాక్యంలో 'తను' ఉందేమో, ముందూ వెనకా ఎవరి కన్ను నడుస్తోందో చూసి ఎత్తాలి. ఉపమానాలు మరీ ఎక్కువైన పేజీలున్నాయి, ఒప్పుకుంటాను. ఒక పోలిక ఊపిరి పీల్చుకోకముందే ఇంకోటి మీద పడుతుంది. అయినా ఒంటరితనాన్ని ఇంత లోపలినుంచి చెప్పిన తెలుగు నవల నాకు రెండోది కనబడలేదు.

రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' ఇంకో దారి తొక్కింది. కథానాయకుడు సుబ్బయ్య భయమే వాక్యం నడక. భయపడేవాడి ఆలోచన ముందుకి పోదు, అక్కడక్కడే తిరుగుతుంది. అందుకే వాక్యాలు అవే మాటల చుట్టూ తిరుగుతాయి. వేగంగా చదివితే ఇది విసుగనిపిస్తుంది, మెల్లగా చదివితే గుండె దడ వినిపిస్తుంది. నవీన్ 'అంపశయ్య' 1969లో వచ్చింది. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్క రోజు. దీన్ని వారాల తరబడి సాగదీసి చదవకండి. ఒక రోజు కథని రెండు మూడు సార్లు కూర్చుని చదివేస్తేనే ఆ రోజు బరువు తెలుస్తుంది. వీళ్లందరికీ ఎదురుగా కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' పెట్టి చూడండి. మద్రాసులో ఏళ్ల తరబడి 'చందమామ' నడిపిన ఆ చెయ్యి ఇక్కడా అంతే. పోలికలు దాదాపు లేవు, గొంతు ఎత్తదు, సుందరం చదువు సాగుతుంటే దేశం మారిపోవడం పక్కగా తెలుస్తుంది. కథకుడు కనబడకుండా ఉండటం కూడా ఒక గొంతే.

డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో వారం వారం వచ్చింది. వారపత్రిక నవలల్ని చదివేటప్పుడు అతుకులు చూసుకోవాలి. ఏడు రోజులు మరిచిపోయిన పాఠకుడికి గుర్తుచేయడానికి ప్రకరణం మొదట్లో జరిగింది మళ్లీ రావచ్చు, చివర ఏదో తలుపు తట్టిన చప్పుడు కావచ్చు. ఆ రెండూ రచయిత బలహీనతలు కావు, పత్రిక పెట్టిన కొలతలు. శ్రీదేవి గొప్పతనం ఆ కొలతల్లోనే ఇందిరని నిలబెట్టడం. తండ్రి ఆనందరావుని పోషిస్తూ, తనకేం కావాలో తనే చెప్పే ఇందిర మాటల్లో సాగదీత ఉండదు, ఏడుపు ఉండదు. ఆమెకి దగ్గరైన ప్రకాశం మాటలతో పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికి వెన్నెముక ఉందో అర్థం చెప్పకుండానే తెలుస్తుంది. చివరికి ఇందిర కృష్ణమూర్తిని పెళ్లి చేసుకోవడం రాజీ అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ నిర్ణయమూ ఆమె నోటినుంచే, ఆమె లెక్కతోనే వస్తుంది. రచయిత్రి 1961లోనే పోయింది. ఇంకో నాలుగు నవలలు రాసి ఉంటే తెలుగు నవల ఆడవాళ్ల గొంతు ఇంకోలా ఉండేది.

మాండలికం సంగతికి వస్తే, మన చెన్నై చెవికి అసలు పని ఇక్కడే. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' తెలంగాణ పల్లెని, దొర ఉండే కోటలాంటి గడీని, ఉర్దూ కలిసిన మాటని నవలలోకి తెచ్చింది. ఆ మేలు మరవకూడదు. కాని బయటినుంచి వచ్చిన సంగీతగాడు పాణి కళ్లతో చూడటం, కథనం శిష్టవ్యవహారికంలో, అంటే చదువుకున్నవాళ్ల వాడుక తెలుగులో, ఉండి మాటలు మాత్రమే తెలంగాణలో ఉండటం వల్ల, పాఠకుడు కూడా అతిథిగానే ఊళ్లోకి వెళ్తాడు. ఊరివాళ్లు మాట్లాడితే వింటాం. ఊరు ఆలోచిస్తే వినం.

కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' కూడా పైపైన చూస్తే అదే ఏర్పాటు. అయినా ఆ ఎడం కనబడదు. ఎందుకు? మధ్యలో అతిథి లేడు. ఈనడానికి అడవిలోకి పోయిన పందిని వెతుక్కుంటూ ముసలివాడు బయలుదేరతాడు. ఒక్క రాత్రి, ఒక్క మనిషి. పందులు మేపేవాడి ప్రతి కదలికా, గాలి వాసన పట్టడం, అడుగుజాడ చూడటం, నిదానమైన, గంభీరమైన తెలుగులో నడుస్తుంది. పురాణ వీరుడికి ఇచ్చే మర్యాద ఆ ముసలివాడికి దక్కుతుంది. ఇది యాస తెలియక చేసిన పని కాదు. ఆయనదే ఇంకో నవల పేరు చూడండి: 'రాముడుండాడు రాజ్జిముండాది'. 'ఉండాడు', 'ఉండాది'. చెన్నైలో ఎన్నో ఇళ్లలో రోజూ పలికే క్రియలు, అచ్చ తెలుగు రాదని మనల్ని వెక్కిరించడానికి వాడే క్రియలు, అట్ట మీద పెద్దక్షరాల్లో ఉన్నాయి. ఆ పేరు ఒక్కటి చాలు, మన నోటి మాటకి సాహిత్యంలో చోటుందని చెప్పడానికి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'మూలింటామె'లో ఇంకో అడుగు వేసి కథనం కూడా చిత్తూరు పల్లె మాటలోనే నడిపాడు. కోస్తా పాఠకులు పదిపేజీలకొకసారి ఆగే చోట మనం ఆగక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో మనం ముందు వరసలో ఉన్నాం.

కాబట్టి చెన్నైలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 1880 నుంచి వరసగా రావొద్దు. సిలబస్ అలా ఉంటుంది కానీ చెవి అలా ఎదగదు. ముందు కేశవరెడ్డి, తర్వాత నామిని, ఆ తర్వాత శ్రీదేవి, గోపీచంద్, అప్పుడు 'మాలపల్లి'. 'వేయిపడగలు' సెలవుల్లో. 'రాజశేఖర చరిత్రము' చివర్లో పెట్టుకుంటే మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది, అప్పటికి ఆ గ-క లెక్క చేతికి వచ్చేస్తుంది.

పుస్తకాల కోసం ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లండి. దేశంలో అచ్చయిన పుస్తకాల ప్రతులు చట్టం ప్రకారం చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. పాతవి సొంతానికి కావాలంటే సెంట్రల్ స్టేషన్ పక్కన లిల్లీ పాండ్ కాంప్లెక్సులో అడగొచ్చు. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక ఆ కొట్లు అక్కడికి చేరాయి. తెలుగు పుస్తకాలు విడిగా పేర్చి ఉండవు, తమిళ కట్టల మధ్య వెతుక్కోవాలి. ఇంటర్నెట్‌లో స్కాన్ చేసిన ప్రతి దించుకుంటే చదవడం మొదలుపెట్టే ముందే పేజీ నంబర్లు ఒకసారి వరసగా తిప్పి చూడండి. కొన్నిట్లో పేజీలు ఎగిరిపోతాయి, కొన్నిట్లో ఒకే పేజీ రెండుసార్లు వస్తుంది, పాత బైండు బిగుతుగా ఉంటే లోపలి అంచు అక్షరాలు మింగేస్తుంది. పేజీ పోయిన చోట కథ అతుక్కుపోయినట్టే కనబడుతుంది, అదే ప్రమాదం. 'మాలపల్లి' విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. నిషేధాల మధ్య పాఠం మారుతూ వచ్చిన నవల కాబట్టి, వ్యాసంలో వాక్యం ఎత్తేటప్పుడు ఏ ముద్రణలోదో, ఏ సంవత్సరందో పక్కన తప్పకుండా రాసుకోండి.